కోనసీమ గన్‌స్లింగర్లు

ఒకే ఒక్క ఇంగ్లీషు మాటతో ఆరుగురు అమాయకుల్ని, ఒక కంపెనీ వ్యానుని, తన పరువుని కలిపి ఒకే పొద్దున పోలీసులకు అప్పగించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే. మా ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా మా ఆవిడ "ఆ దుబాయ్ తుపాకుల కథ చెప్పండి" అంటుంది. నేను చెబుతాను, వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. మీరూ నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నేను నవ్వలేదు. ఆ తర్వాత పన్నెండు రోజులూ నవ్వలేదు.

రెండువేల ఆరులో సంగతి. అబూదాబి పక్కన ముసఫ్ఫా, అందులో ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేట. అక్కడ పెద్ద పెద్ద ఇనప ట్యాంకులకీ, పైపులకీ రంగులు వేసే కంపెనీలో నేను ఆఫీసు గుమాస్తాని. కాకినాడలో మాత్రం నేను "దుబాయ్‌లో ఆఫీసరు"ని. ముసఫ్ఫా అబూదాబిలో ఉందనీ, అబూదాబి దుబాయ్ కాదనీ మా వీధిలో ఎవరికీ చెప్పలేదు. వాళ్లూ అడగలేదు. అప్పుడే నాకు పెళ్లి కుదిరింది. ఆడపెళ్లివారికి కూడా ఆఫీసరనే చెప్పారు.

ఇరవై ఆరేళ్ల వయసులో నాకున్న ఆస్తి ఒక్కటే, ఇంగ్లీషు. కాలేజీలో వక్తృత్వ పోటీలో రెండో బహుమతి వచ్చింది. పోటీలో పాల్గొన్నది ఎంతమంది అని అడక్కండి. ఇద్దరం. ఆ బహుమతిని గుండెలకు హత్తుకునే నేను విమానం ఎక్కాను. పనివాళ్లంతా ఉండే మా కంపెనీ క్యాంపులో ఎవరికి సెలవు చీటీ కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. చిన్న మాటలతో రాస్తే నాకు తృప్తి ఉండేది కాదు. ఒకసారి ఒకాయనకు జ్వరమొస్తే, ఆ జ్వరాన్ని నేను ఇంగ్లీషులో ఎంత భయంకరంగా వర్ణించానంటే, క్యాంపు బాస్ సెలవు ఇవ్వడం మానేసి అంబులెన్సు పంపించాడు. ఆ రోజే నాకు బుద్ధి రావలసింది. రాలేదు.

ఇక సత్తిబాబు. రాజోలు దగ్గర ఊరు. నలభై దాటిన మనిషి, సన్నగా, చెరుకుగడలా ఉండేవాడు. స్ప్రే గన్ చేతిలో పెడితే మాత్రం అతనికి సాటి వచ్చేవాడు మొత్తం ఐకాడ్‌లో లేడు. అంత ఎత్తు ట్యాంకు పైనుంచి తాళ్లు దించి, వాటికి కట్టిన చిన్న చెక్కపీట మీద కూర్చుని, గాలికి ఊగుతూ రంగు కొడుతుంటే గోడ మీద కారిన చుక్క ఒక్కటి కనిపించేది కాదు. అతని వెనక ఐదుగురు గ్యాంగ్, అందరూ కోనసీమ వాళ్లే. నేను అతన్ని బాబాయ్ అనేవాణ్ణి. అతను నన్ను "సూర్యంగారండీ" అనేవాడు. నేను రాసిన కాగితమంటే అతనికి గుళ్లో ప్రసాదంతో సమానం. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

మా ప్రాజెక్ట్ మేనేజరు కాలిన్ గారు. స్కాట్లాండ్ మనిషి. ఆయన ఇంగ్లీషు సగం నోట్లోనే కరిగిపోయేది, మిగతా సగం మీసాల్లో చిక్కుకునేది. ఒకరోజు ఆయన వెంట ఫైలు పట్టుకుని సైట్‌లో తిరుగుతున్నాను. సత్తిబాబు పైన ఊగుతూ ట్యాంకుకు రంగు కొడుతున్నాడు. కాలిన్ గారు తల పైకెత్తి, చాలాసేపు చూసి, తొడ మీద చరుచుకుని, "దట్ మ్యాన్ ఈజ్ ఎ రియల్ గన్‌స్లింగర్!" అన్నారు.

తర్వాత నా వైపు తిరిగి, వచ్చే నెల ఒక పెద్ద ఆయిల్ ప్లాంటులో షట్‌డౌన్ పని ఉందని చెప్పారు. షట్‌డౌన్ అంటే ప్లాంటు మొత్తాన్ని మూడు వారాలు ఆపేసి మరమ్మతులన్నీ ఒకేసారి చేస్తారు. దానికి సత్తిబాబునీ అతని గ్యాంగునీ పంపించమన్నారు. ఆ పని బాగా చేసుకొస్తే సత్తిబాబుని ఫోర్‌మన్‌ని చేస్తానన్నారు. "గేట్ పాస్ కాగితాలు నువ్వు చూడు సూర్యం" అని వెళ్లిపోయారు.

సత్తిబాబు కిందికి దిగి, ముఖానికున్న మాస్క్ తీసి, నా దగ్గరికొచ్చాడు.

"దొరగారు నన్ను చూసి ఏదో అన్నారు గదండి? తిట్టేరా ఏంటండి?"

"తిట్టడమేంటి బాబాయ్! నిన్ను గన్‌స్లింగర్ అన్నారు."

"అంటే ఏంటండి?"

చూశారా, ఇక్కడే నేను "తెలీదు" అనవలసింది. మూడక్షరాల మాట. తెలుగులో అంత తేలికైన మాట ఇంకోటి లేదు. కాలిన్ గారి గదిలో ఇటుకంత డిక్షనరీ ఉంది, మా టేబులుకు పది అడుగుల దూరం. వెళ్లి చూస్తే సరిపోయేది. కానీ నాలాంటివాడు డిక్షనరీ తెరిస్తే చూసేవాళ్లేమనుకుంటారు? అందుకని నేను నా బుర్ర తెరిచాను.

గన్ అంటే తెలిసిందే, స్ప్రే గన్. స్లింగర్ కూడా తెలిసిందే. క్రేనుకు సామాను వేలాడదీసే తాళ్లను స్లింగ్ అంటారు, ఆ తాళ్లు కట్టేవాణ్ణి స్లింగర్ అంటారు. మా కంపెనీ జీతాల పట్టీలోనే నలుగురు స్లింగర్లున్నారు. కాబట్టి తాళ్ల మీద వేలాడుతూ గన్‌తో రంగు కొట్టేవాడు గన్‌స్లింగర్. లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూడండి! నా తెలివికి నాకే ముచ్చటేసింది.

"పెయింటర్లలో అందరికంటే పై గ్రేడు బాబాయ్. తాళ్ల మీద ఊగుతూ గన్ కొట్టేవాడికి ఇచ్చే హోదా. మామూలు వాళ్లకు రాదు."

సత్తిబాబు ముఖం వెలిగిపోయింది. "గన్నుసిలింగరు" అని నోట్లో ఒకసారి, రెండుసార్లు అనుకుని రుచి చూశాడు. సాయంత్రానికి క్యాంపు మొత్తం తెలిసిపోయింది. ఇంటికి ఫోన్ చేసి భార్యకు కూడా చెప్పాడు. ఆవిడ వాళ్ల వీధిలో చెప్పుకుంది. రాజోలు తాలూకాలో ఆ మాట అడుగుపెట్టడం బహుశా అదే మొదటిసారి.

మర్నాడు గేట్ పాస్ పట్టీ రాశాను. పేరు, పాస్‌పోర్టు నంబరు, వృత్తి. సత్తిబాబు ఎదురుగా "సీనియర్ గన్‌స్లింగర్" అని అందంగా రాశాను. మిగతా ఐదుగురూ చిన్నబుచ్చుకోకుండా వాళ్లకు "అసిస్టెంట్ గన్‌స్లింగర్" అని రాశాను. కాలిన్ గారు ఆ రోజే సెలవు మీద వాళ్ల ఊరు వెళ్తున్నారు. కింద కారు హారన్ కొడుతోంది. నేను ముందు పెట్టిన కాగితాలన్నిటి మీదా ఆయన వరసగా గీతలు గీస్తూ పోయారు. పైనేముందో చూడలేదు. చూసి ఉంటే నాకీ కథ ఉండేది కాదు, కొంచెం పరువు ఉండేది.

దరఖాస్తు అరబిక్‌లో కూడా ఉండాలి. దానికి మా వీధిలోనే టైపింగ్ సెంటర్ నడిపే బషీర్ భాయ్ ఉన్నాడు. కేరళ మనిషి. ఎక్కువ మాట్లాడడు. అతని వేళ్లు మాత్రం అరబిక్ మీద గుర్రాల్లా పరిగెత్తేవి. ఆ రోజు గుర్రాలు ఆగిపోయాయి.

"సూర్యం భాయ్, యే గన్‌స్లింగర్ క్యా చీజ్ హై?"

"అరే భాయ్, ఇత్నా భీ నహీ మాలూమ్? గన్ లేకే కామ్ కర్తా హై. బహుత్ బడా ఎక్స్‌పర్ట్."

"గన్ లేకే?" గన్ పట్టుకునా అన్నట్టు బషీర్ భాయ్ నా ముఖంలోకి చూశాడు. "పక్కా?"

"పక్కా. మేనేజర్ నే ఖుద్ బోలా."

అతను ఒక నిమిషం ఆలోచించి, భుజాలెగరేసి టైపు చేశాడు. ఏం చేశాడో నాకు తర్వాత తెలిసింది. ఆరుగురి పేర్ల ఎదురుగా అరబిక్‌లో "తుపాకీ వాడటంలో ఆరితేరినవాడు" అని ఉంది. ఐదుగురికి ముందు "సహాయక" అని కూడా ఉంది. బషీర్ భాయ్‌ది నిక్కచ్చి పని.

వారం తిరిగేసరికి ప్లాంటు నుంచి కబురొచ్చింది, మనుషుల్ని తీసుకుని ఫలానా రోజు పొద్దున గేటు దగ్గరికి రమ్మని. పాసులు అక్కడే ఇస్తారనుకున్నాను. ఆ పొద్దున సత్తిబాబు తల నూనె రాసి దువ్వుకుని, ఉతికిన యూనిఫాం వేసుకుని వ్యానెక్కాడు. ఫోర్‌మన్ అయ్యేవాడి కళ అంతా అతనిలో ఉంది.

తొమ్మిదింటికి నా ఫోన్ మోగింది.

"సూర్యంగారండీ, నేనండి సత్తిబాబునండి. మమ్మల్ని దింపేసి ఒక గదిలో కూర్చోబెట్టేసేరండి."

"పాసులివ్వడానికేమో బాబాయ్."

"ఏమోనండి. చుట్టూ పోలీసులున్నారండి. మా చేతులు తిప్పి తిప్పి చూత్తన్నారండి. గన్ను ఎక్కడుందని హిందీలో అడిగేరండి."

"నువ్వేం చెప్పావు?"

"ఉన్నమాటే చెప్పేనండి. స్టోర్లో ఏడు గన్నులున్నాయి, రెండు పెద్దవి లారీలో వెనకాల వత్తన్నాయని చెప్పేనండి. రోజూ నేనే శుభ్రం చేత్తానని కూడా చెప్పేనండి. అప్పట్నుంచి ఎవరూ కూర్చోటం లేదండి, అందరూ నిలబడే ఉన్నారండి."

అప్పటికీ నాకు వెలగలేదు. నేను వెళ్లి రెండు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడితే ఖలాస్, అయిపోతుందనుకున్నాను. టాక్సీలో వెళ్తూ ఆ ముక్కలు నెమరు వేసుకున్నాను కూడా.

గేటు దగ్గర మా వ్యాను నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉంది. సీట్లు ఊడదీసి కింద పెట్టారు. ఆరుగురి అన్నం క్యారేజీలూ వరసగా నేల మీద పెట్టి, ఒక్కొక్క గిన్నే విడదీస్తున్నారు. ఒక పోలీసాయన గోంగూర పచ్చడి సీసాని వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు.

సెక్యూరిటీ అధికారి ఒక కెప్టెన్. అక్కడి మనిషే, చాలా మర్యాదస్తుడు. నన్ను కూర్చోమని, టీ తెప్పించి, దరఖాస్తు నా ముందు పెట్టారు. ఆయన ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే ఎంతో శుభ్రంగా ఉంది. నా భయంలో అదొక భాగం.

"ఇది రాసింది ఎవరు?"

"నేనే సర్," అన్నాను కొంచెం గర్వంగానే.

"ఈ ఆరుగురూ ఏం పని చేస్తారు?"

"గన్‌స్లింగర్లు సర్. ఒకరు సీనియర్, మిగతావాళ్లు అసిస్టెంట్లు."

"ఇక్కడ వీళ్లకేం పని?"

"ట్యాంకుల మీద షూట్ చేస్తారు సర్."

మా వాళ్లు స్ప్రే చేయడాన్ని షూట్ చేయడమనేవారు. కెప్టెన్ గారు టీ కప్పు కింద పెట్టారు. తలుపు దగ్గరున్న ఇద్దరు లోపలికి వచ్చారు. ఎక్కడో ఏదో తప్పు జరిగిందని మాత్రం అర్థమైంది, ఎక్కడో అర్థం కాలేదు. నీళ్లలో మునుగుతున్నవాడికి ఈత రాదన్న సంగతి అప్పుడే తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"నెమ్మదిగా ఆలోచించుకోండి," అన్నారాయన. "వీళ్లేం చేస్తారో స్పష్టంగా కాగితం మీద రాసివ్వండి."

తెల్లకాగితం, పెన్ను ఇచ్చారు. నేను రాయవలసింది ఒక్క మాట, పెయింటర్. ఆ ఒక్క మాట రాస్తే మధ్యాహ్నానికి అందరం క్యాంపులో అన్నం తింటూ ఉండేవాళ్లం. కానీ భయం వేస్తే నా ఇంగ్లీషు పొడుగవుతుంది. పేజీన్నర రాశాను. ఆ ఉత్తరం నాకిప్పటికీ కంఠతా వచ్చు. తెలుగులో చెప్పాలంటే సుమారుగా ఇలా ఉంది:

"సత్తిబాబు అనే పై వ్యక్తి వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. పదకొండేళ్లుగా షూట్ చేస్తున్నాడు, ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు. ఎంత ఎత్తు నుంచైనా గురి తప్పడు. సూపర్‌వైజర్ సమక్షంలోనే షూట్ చేస్తాడు. షూట్ చేసేటప్పుడు ముఖం కనిపించకుండా మాస్క్ తప్పనిసరిగా వేసుకుంటాడు. ఈ హోదాకు రాకముందు ఇతను మా కంపెనీలోనే బ్లాస్టర్‌గా పనిచేశాడు. ఈ దేశంలో ఎన్నో ఆయిల్ ట్యాంకుల్ని ఇతను స్వయంగా బ్లాస్ట్ చేశాడు."

మీకు చెప్పాలి కదా. రంగు వేసే ముందు ఇనుముకు పట్టిన తుప్పును, గాలి ఒత్తిడితో ఇసక లాంటి రజను విసిరికొట్టి వదలగొడతారు. ఆ పనిని బ్లాస్టింగ్ అంటారు, చేసేవాణ్ణి బ్లాస్టర్ అంటారు. మా కంపెనీలో పొద్దున్నే లేచి "బ్లాస్టింగ్‌కి వెళ్తన్నానండి" అని చెప్పి వెళ్లేవాళ్లు ముప్ఫై మంది. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఆ క్షణంలో నాకు తోచలేదు. సంతకం కింద నా పేరు, హోదా, ఫోన్ నంబరు కూడా వేశాను.

కెప్టెన్ గారు చదివారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మళ్లీ చదివారు. తర్వాత బయటికి వెళ్లి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి వచ్చారు. ఆ పదిహేను నిమిషాలూ నేను అనుభవించింది పగవాడికి కూడా వద్దు. అద్దం గోడ అవతల సత్తిబాబు కనిపిస్తున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పరీక్ష హాల్లో పిల్లాడిలా కూర్చున్నాడు. నన్ను చూసి చిన్నగా నవ్వాడు. సూర్యంగారొచ్చేరు, ఇక ఫర్వాలేదన్న నవ్వు. నేను తల తిప్పేసుకున్నాను. ఆడపెళ్లివారికి ఉత్తరం ఎలా రాయాలా అని ఆలోచించాను. "మీ కాబోయే అల్లుడు ఆఫీసరు కాడు, ఆయుధాల కేసులో ఉన్నాడు" అని మొదలుపెట్టాలా, క్షేమం అని మొదలుపెట్టాలా?

కెప్టెన్ గారు తిరిగి వచ్చి, "ఆ లారీ వచ్చింది. గన్ తెప్పిస్తున్నాను," అన్నారు.

ఇద్దరు పోలీసులు స్ప్రే గన్‌ని వేళ్ల కొసలతో పట్టుకుని తెచ్చారు. దాని వెనక రంగు మరకల గొట్టం పాములా నేలమీద ఈడ్చుకుంటూ వచ్చింది. సత్తిబాబుని లోపలికి పిలిచి, ఇదేంటో చూపించమన్నారు. అతను గన్ అందుకున్నాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే గోడ వైపు తిరిగి, కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, పట్టు చీర మడతపెట్టినంత పొందికగా ఉత్తగాలికి రంగు వేసి చూపించాడు. నోటితో "స్స్స్" అని చప్పుడు కూడా చేశాడు. చివర్లో రెండడుగులు వెనక్కి వేసి, లేని రంగు సరిగ్గా పడిందా లేదా అని తల వంచి చూసుకున్నాడు.

తర్వాత తలుపు దగ్గరున్న పోలీసాయన ముందుగా నవ్వాడు. కెప్టెన్ గారు టేబులు మీద మోచేతులు ఆనించి, ముఖం చేతుల్లో దాచుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని నేను భయపడ్డాను.

సత్తిబాబుని బయట కూర్చోమని చెప్పి, ఆయన నాతో అన్నారు:

"ఆ మాటకు అర్థం మీకు తెలుసా?"

"పై గ్రేడు పెయింటర్ సర్. మా మేనేజర్ గారే సత్తిబాబుని చూసి అలా అన్నారు," అన్నాను.

ఆయన ఓపిగ్గా చెప్పారు. యువకుడిగా ఉన్నప్పుడు అమెరికాలో చదువుకున్నారట. ఒకప్పుడు ఆ దేశంలో పడమటి వైపు, చట్టం ఇంకా సరిగ్గా చేరని సరిహద్దు ఊళ్లు ఉండేవి. అక్కడ నడుముకు తుపాకీ కట్టుకుని తిరుగుతూ, ఎదుటివాడి కంటే ముందు తీసి కాల్చగలిగే నేర్పరులుండేవారు. వాళ్లలో దొంగలూ ఉన్నారు, దొంగల్ని పట్టేవాళ్లూ ఉన్నారు. అలాంటివాణ్ణి గన్‌స్లింగర్ అంటారు. ఇప్పుడు మాత్రం ఏ పనిలోనైనా జంకూగొంకూ లేకుండా దూసుకుపోయే మొనగాణ్ణి చూసి మెచ్చుకోలుగా ఆ మాట వాడతారు. మీ మేనేజర్ ఆ ఉద్దేశంతోనే అని ఉంటారు.

"ఇంకో విషయం," అన్నారు. "నిజానికి ఆ కాలంలో వాళ్లనెవరూ అలా పిలవలేదంటారు. అది చాలా తర్వాత సినిమాలవాళ్ల వల్ల, కథలవాళ్ల వల్ల వాడుకలోకి వచ్చిన మాట."

అంటే అర్థమైందా మీకు? అసలు గన్‌స్లింగర్లకే ఆ పేరు లేదు. ఒక ప్రభుత్వ దరఖాస్తులో, పాస్‌పోర్టు నంబరుతో సహా, ఆ వృత్తిలో నమోదైన వాళ్లెవరైనా ఈ భూమ్మీద ఉన్నారంటే వాళ్లు నా సత్తిబాబు, అతని ఐదుగురు సహాయకులు. అమెరికా వాళ్లకు దక్కని గౌరవం కోనసీమకు తెచ్చిపెట్టాను.

నేను కాళ్లమీద పడిపోదామనుకున్నాను. ఆయన వారించి, మమ్మల్ని ఎవరూ ఏమీ చేయరని చెప్పారు. కానీ దరఖాస్తు కంప్యూటర్లోకి ఎక్కింది, ఆ మాట కింద ఆరు పేర్లున్నాయి. దాన్ని కొట్టేసి, కొత్త దరఖాస్తు తీసుకుని, ఆరుగురినీ మళ్లీ మొదటి నుంచి విచారించాలి. ఎన్ని రోజులు పడుతుందో ఆయన చేతిలో లేదు. షట్‌డౌన్ మొదలయ్యేది ఆ మర్నాడే.

వ్యానులో తిరిగి వస్తున్నాం. విడదీసిన క్యారేజీలు ఒకరివి ఇంకొకరివాటితో కలిసిపోతే, ఆరుగురూ ఒళ్లో పెట్టుకుని మూతలు వెతుక్కుంటున్నారు. సత్తిబాబు నా పక్కన కూర్చుని, చాలాసేపటికి అడిగాడు.

"తప్పు ఎక్కడ జరిగిందండి?"

ఇక్కడ నేను చేసిన పని చెప్పకుండా దాటేయొచ్చు. మీకెలాగూ తెలియదు. కానీ చెబుతాను. "టైపింగ్ వాడిది బాబాయ్. ఏదో తప్పు టైపు చేశాడు," అన్నాను.

"అంతేనండి, మీరు రాసిందైతే తప్పుండదు గదండి," అన్నాడు సత్తిబాబు.

ఈ మాట కంటే ఆ కెప్టెన్ గారు నన్ను లోపల వేసి ఉంటే బావుండేది.

మర్నాడు ఆ ఆరుగురూ బషీర్ భాయ్ దుకాణానికి వెళ్లారు, గొడవపడటానికి. బషీర్ భాయ్ సొరుగులోంచి ఒక కాగితం తీసి వాళ్ల ముందు పెట్టాడట. అది నేను చేత్తో రాసిన పట్టీ. సీనియర్ గన్‌స్లింగర్, కింద గీత కూడా గీసి ఉంది.

మధ్యాహ్నం సత్తిబాబు నా టేబులు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బషీరు మీ దస్తూరీ చూపించేడండి."

నేను ముందున్న ఫైలు మూసేశాను.

"ఆ మాట మీకు తెలీదాండి?"

"తెలీదు బాబాయ్," అన్నాను. రెండు వారాలు ఆలస్యంగా ఆ మూడక్షరాలూ నా నోట్లోంచి వచ్చాయి.

"ఆరోజు తెలీదని చెప్పేత్తే నేను మిమ్మల్ని తక్కువగా చూసేవోణ్ణాండి? నాకు అసలు ఇంగిలీసే రాదు గదండి. దొరగార్ని అడిగి చెప్పండి అనేవోణ్ణి, అంతేనండి."

తిట్టలేదు. చెయ్యెత్తలేదు. ఆ మాటలు చెప్పి, "పాపం బషీరుని అనవసరంగా అనేసేమండి" అని, వెళ్లిపోయాడు. నేను బషీర్ భాయ్ దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. అతను పర్వాలేదన్నట్టు "కోయీ బాత్ నహీ" అన్నాడు. కొత్త దరఖాస్తు టైపు చేస్తూ, వృత్తి దగ్గర ఆగి, "పెయింటర్. స్పెల్లింగ్ మై జాన్తా హూ," అన్నాడు, స్పెల్లింగ్ తనకు తెలుసని. నన్ను కాగితం ముట్టుకోనివ్వలేదు.

పన్నెండో రోజున పాసులొచ్చాయి. అప్పటికి షట్‌డౌన్ సగం దాటిపోయింది. సత్తిబాబు గ్యాంగ్ మిగిలిన పనికి వెళ్లింది. కానీ మొదటి రోజు నుంచి ముందుండి నడిపింది వేరే గ్యాంగ్ మనిషి. ఫోర్‌మన్ అతనే అయ్యాడు. పాసులతో పాటు ప్లాంటు నుంచి అరబిక్‌లో ఒక చిన్న కాగితం వచ్చింది. బషీర్ భాయ్ చదివి, కాసేపు నా వైపు చూసి, హిందీలో చెప్పాడు. "ఈ ఆరుగురి వల్ల ప్రమాదమేమీ లేదని నిర్ధారించడమైనది. ఇకమీదట మీ కంపెనీ దరఖాస్తులు రాసే ఉద్యోగిని మార్చగలరు."

కాలిన్ గారు సెలవు నుంచి రాగానే ఆ కాగితానికి బషీర్ భాయ్ చేసిన ఇంగ్లీషు తర్జుమా, ప్లాంటు వాళ్లు పంపిన నా పేజీన్నర ఉత్తరం నకలు ఆయన టేబులు మీద పెట్టి నిలబడ్డాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన రెండూ చదివి, కిటికీలోంచి ట్యాంకుల వైపు చూస్తూ, "అది పొగడ్త సూర్యం. ఉద్యోగం కాదు," అన్నారు. ఆ రోజు నుంచి నేను స్టోర్లో డబ్బాలు లెక్కపెట్టే పనిలోకి మారాను.

ఏడాది తర్వాత సత్తిబాబుకు అక్కడి ఇంకో ఎమిరేట్ ఉమ్ అల్ క్వైన్‌లో ఒక వర్క్‌షాపు వాళ్లు ఫోర్‌మన్ పనికి దరఖాస్తు చేయమన్నారు. ఆ సంగతి విని నా గుండె తేలికపడింది. సాయంత్రం అతను స్టోర్‌కి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో బయోడేటా. శుభ్రంగా టైపు చేసి ఉంది. అది నా చేత రాయించుకోలేదు, బషీర్ భాయ్ చేత రాయించుకున్నాడు.

"ఒకసారి చదివి పెడతారాండి సూర్యంగారూ?"

నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత జరిగినా మళ్లీ నన్నే అడిగాడు. ఆత్రంగా కాగితం అందుకుని, జేబులోంచి పెన్ను తీశాను.

సత్తిబాబు రెండు చేతులూ జోడించాడు.

"తప్పులుంటే నోటితో చెప్పండి చాలండి. పెన్ను మాత్రం లోపల పెట్టేయండి, మీకు దణ్ణం పెడతాను."

పెన్ను లోపల పెట్టేశాను. కాగితంలో ఒక్క తప్పు లేదు. అతనికి ఆ ఉద్యోగం వచ్చింది.

అందుచేత పాఠకులారా, నేను, సూర్యం అనబడే మాజీ దుబాయ్ ఆఫీసరు, మీ అందరి సమక్షంలో నిలబడి, కుడిచెయ్యి ఇటుకంత డిక్షనరీ మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. అర్థం తెలియని మాట ఎంత అందంగా ఉన్నా, ఎంత పెద్దవాడి నోట్లోంచి వచ్చినా, ఏ మనిషి పేరు ఎదురుగానూ రాయను. ఎవరైనా అడిగితే గొంతు సవరించుకోకుండా, పైకప్పు వైపు చూడకుండా, మొదటిసారే "తెలీదు" అంటాను. పోలీసువారు కాగితమూ పెన్నూ ఇస్తే ఒక్క మాటే రాసి లేచి వచ్చేస్తాను.